ఒప్పుకోలు మడత

ఇంకా యాభై అయిదు నిమిషాలు. బిగింపు ప్రెస్సు చక్రాన్ని ఆఖరి అరచుట్టు తిప్పి, చేతులు గుడ్డకి తుడుచుకుని, గోడ గడియారం చూశాను. పదకొండూ అయిదు. పన్నెండు దాకా ఆ రెండు ఇనప పలకల మధ్య నలభయ్యో ప్రతి కదలకుండా పడుకోవాలి, అట్ట లోపలి జిగురు ఆరాలి, తొందరపడి ముందే తీస్తే అట్ట వంగుతుంది, ఒకసారి వంగిన అట్ట ఇక జన్మలో తిన్నగా నిలబడదు. మిగిలిన ముప్పై తొమ్మిదీ కాగితాలు చుట్టబెట్టుకుని గుమ్మం పక్క బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఒంటిగంటకి గ్రంథాలయం వాళ్ళ బండి వస్తుంది. ఈ ఒక్కటీ ఆరితే అయిపోయినట్టే అని తమ్ముడు పొద్దుట్నుంచి మూడుసార్లు అన్నాడు. అన్న మాట మళ్ళీ అనే మనిషి కాదు వాడు. అసలు మాట్లాడడమే తక్కువ, అచ్చుకి అక్షరాలు ఏరినట్టు మాటలు కూడా ఏరి ఏరి పెడతాడు. అలాంటివాడు ఈ ఒక్క ప్రతి కాగితాలూ విడిగా కట్టకట్టి తెచ్చి, "ఇది ఆఖర్న కుట్టక్కా" అన్నాడు. నలభై ప్రతులూ ఒక్కలాంటివే కదా, ఏది ఆఖర్న కుడితే ఏమిటిరా అని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. అడగకపోవడం ఈ ఏడాదిగా నాకు అలవాటైపోయింది.

పక్కగదిలో ట్రెడిల్ అచ్చుమిషను ఆడుతోంది. కాలు తొక్కుతున్నాడు, చక్రం తిరుగుతోంది, నోరు తెరుచుకుని కాగితం కరుచుకుంటోంది, ఢక్కు, మళ్ళీ ఢక్కు. పని అంతా అయిపోయాక ఇవాళ ఏం అచ్చువేస్తున్నాడు? నది పుస్తకం మొత్తం నా చేతికి వచ్చేసింది, కొత్త పుస్తకం ఇంకా ఊహలోనే ఉందన్నాడు, మరి ఆ ఢక్కు ఏమిటి. నన్ను వినమనా, లేక నేను వినకూడనిదేదో వినపడకుండానా. అనుమానం పెనుభూతం అంటారు, నాకు తెలుసు, నేనే పదిమందికి చెప్పాను. చెప్పడం వేరు, ఆ భూతంతో ఒకే గదిలో గంటసేపు కూర్చోవడం వేరు.

పదిహేడో మడత. నా బొటనవేలు ఇంకా అక్కడే ఉన్నట్టుంది. నది పుస్తకంలో మాటలు తక్కువ, కాగితం ఎక్కువ. మొదటి పేజీలో పైన ఉన్న వాక్యం పేజీ పేజీకీ ఒక్కో వరుస కిందకి దిగుతూ ఆఖరి పేజీలో అడుగంచుకి చేరుతుంది. ప్రతి కాగితాన్నీ బయటి అంచు దగ్గర మడుస్తాం, కోయం, కాబట్టి ప్రతి పేజీ వెనకా ఎవరూ చూడని లోపలి వైపు ఒకటుంటుంది. మడత మీదుగా సన్నటి నీలం గీత పోతుంది. పుస్తకం మూసి అంచు వైపు చూస్తే ఆ గీతలన్నీ కలిసి వంపులు తిరిగే నది అవుతుంది, ఒక్క మడత వెంట్రుకవాసి తప్పినా నది తెగుతుంది. వెన్ను కప్పం. కుట్టు బయటికే కనిపిస్తుంది, నీలం దారం మెట్లు మెట్లుగా కిందకి దిగుతుంది. ఇదంతా తమ్ముడి ఊహ. ఊహించడం వాడి వంతు, చావడం నా వంతు. కానీ నిజం చెప్పాలి, మొదటి ప్రతి కుట్టి, మూసి, అంచు మీద ఆ నది చూసుకున్న రోజు నాకు ఆకలి తెలియలేదు. నలభై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాను, విసనకర్రలా విచ్చుకునేవి కుట్టాను, కిటికీలున్నవి కుట్టాను, అగ్గిపెట్టెలో పట్టేవి కుట్టాను, ఇంత అందమైనది నా చేతుల్లోంచి పోలేదు. అంత అందమైనదాంట్లో వాడు అది పెట్టాడు. అదీ నా బాధ.

అది అంటే ఒప్పుకోలు. మా నాన్న పెట్టిన పద్ధతి. మా ఇంట్లో తయారయ్యే పుస్తకంలో ఎవరైనా తప్పు చేసి, దిద్దడానికి వీల్లేకుండా ఆ తప్పు అందులో ఉండిపోతే, చేసినవాళ్ళు దాన్ని రెండు ముక్కల్లో అచ్చువేసి, ఏదో ఒక మడత లోపల పెట్టి, అంచులు జిగురుతో మూసెయ్యాలి. పుస్తకం అబద్ధంతో గడప దాటకూడదు అనేవాడు నాన్న. కొన్నవాళ్ళకి చెప్పం. ఎప్పుడైనా వాళ్ళకి బుద్ధిపుట్టి చాకుతో మడత కోసుకుంటే చదువుకుంటారు, లేకపోతే లేదు. "ఏడో పేజీలో తలకట్టు విరిగింది. ఆ పూట పన్ను నొప్పి. తప్పు నాది." అది నాన్నది. "నలభై మూడో పేజీలో వేలిముద్ర ఉంది. చేతులు కడుక్కున్నాననుకున్నాను. తప్పు నాది." అది నాది, పద్నాలుగేళ్ళప్పుడు. తమ్ముడిది అన్నిటికంటే బాగుంటుంది. పదేళ్ళవాడు, చెక్క మీద గడియారం చెక్కాడు, అచ్చులో కుడి ఎడమవుతుందన్న సంగతే మర్చిపోయి. కాగితం మీద పడేసరికి అంకెలన్నీ వెనక్కి నడిచాయి. నాన్న తిట్టలేదు. ఆ బొమ్మ అలాగే ఉంచి, వాడి కాళ్ళ కింద ముక్కాలిపీట వేసి, వాడి చేతే అక్షరాలు పేర్పించాడు: "గడియారం వెనక్కి తిరుగుతోంది. తిరగేసుకోవడం మర్చిపోయాను. తప్పు నాది." తర్వాత చాలాకాలం ఇంట్లో ఎవరు చెప్పులు మార్చి వేసుకున్నా, తలుపు బయటికి లాగాల్సింది లోపలికి తోసినా, తిరగేసుకోవడం మర్చిపోయాను అని ఏడిపించేవాళ్ళం వాణ్ణి. ఎదురుగా ఉన్నవాడి కుడి నీకు ఎడమరా, అచ్చు పట్టినవాడు నిద్రలో కూడా అది మర్చిపోకూడదు, అని నాన్న వాడి ముక్కు పట్టుకుని ఊపేవాడు.

ఒప్పుకోలుకి రెండే నియమాలు. ఎవరి తప్పు వాళ్ళే రాయాలి, ఇంకొకరిది రాయకూడదు. ఒకరు మూసిన మడత ఇంట్లో ఇంకొకరు కోయకూడదు. ఎవరి ఒప్పుకోలు ఉన్న కాగితం వాళ్ళే మడిచి, అంటించి, కట్టలో పెట్టేస్తారు. కుట్టేదాన్ని నేను కాబట్టి మడత ముందే మూసుకుని వచ్చిందంటే నాకు తెలిసిపోతుంది, కుట్టి ఊరుకుంటాను. ఇవాళ పదిహేడోది మూసుకుని వచ్చింది. సరే, ఏం తప్పు చేశాడో అని పేజీలన్నీ చూశాను. అచ్చులో తప్పు లేదు. సిరా సమానంగా పడింది, ఒక్క కొమ్ము విరగలేదు, నీలం గీత వంపు ఎక్కడా తేడా లేదు. ముత్యాల్లాంటి అచ్చు. మరి దేనికి ఒప్పుకోలు? సూది ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలు ఆ కాగితం మీద ఆనించాను. లోపలివైపు అచ్చు గట్టిగా పడితే బయటివైపు అక్షరాలు ఉబ్బుతాయి, అదీ తిరగేసి, అచ్చం సీసపు అక్షరం మొహం మీద వేలు పెట్టినట్టే. నాకు చదువు పలక మీద రాలేదు, సీసం మీద వచ్చింది, తిరగేసినవే నాకు తిన్నటివి. నాన్న పాత పద్నాలుగు పాయింట్ల టైపు అది, లావుగా ఉంటుంది, వేలికి అందుతుంది. రెండు వరుసలు. అంతా దొరకలేదు, కాగితం మందం. రెండు మాటలు మాత్రం దొరికాయి. పై వరుసలో కుట్టు. కింది వరుసలో తప్పు.

కుట్టు నాది. వాడు జన్మలో సూది పట్టలేదు. వాడు ఒప్పుకోవాల్సినవి సిరా, అచ్చు, అక్షరం, ఇవి. వాడి మడతలోకి నా కుట్టు ఎందుకొచ్చినట్టు? నాన్న బతికుంటే ఇంకొకరి తప్పు మడతలో పెట్టినవాడి చేతులు విరిచేవాడు. ఏం రాసి ఉంటాడు? ఈ పుస్తకంలో కుట్టు వంకర, తప్పు కుట్టినామెది అనా? వందేళ్ళు పోయాక ఎవడో గ్రంథాలయంలో కూర్చుని, చాకుతో సుతారంగా కోసి, ఓహో ఆ ఇంట్లో ఒక ముసలిది పని చేతకాక పాడుచేసేదన్నమాట, అనుకోవాలనా? నోటితో అనలేనివాడు అచ్చులో అన్నాడు. అయినా కుట్టేశాను. కోపంతోనే కుట్టాను, ఆ కోపంతోనే జిగురు రాశాను, ఆ కోపంతోనే చక్రం బిగించాను, రోజూకంటే అరచుట్టు ఎక్కువే తిప్పి ఉంటాను. పదకొండూ ఇరవై.

నాలుగు నెలల కిందట ఆ వడ్రంగి వచ్చిన రోజు నుంచి ఉంది నాకు ఈ అనుమానం. నేను దారం కొట్టుకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళిన రోజు. తిరిగొచ్చేసరికి ఆ చెక్కపొట్టు మనిషి నా బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో పెన్సిలు పెట్టుకుని, టేపుతో నా కుర్చీ ఎత్తు కొలుస్తున్నాడు. నన్ను చూసి తమ్ముడు, "ఊరికే, బల్ల ఊగుతోందిగా" అన్నాడు. ఊగడం లేదు. నలభై ఏళ్ళుగా నా మోచేతులు ఆనుకున్న బల్ల, ఊగితే నాకు తెలీదా. వారం తిరక్కుండా బల్ల రెండు అంగుళాలు పైకి లేచింది. నాకంటే పొడుగు మనిషి ఎవరో కూర్చుంటారన్నమాట అనుకున్నాను. తర్వాత కన్నాల పలక వచ్చింది. కాగితాల దొంతర అందులో ఇరికించి దబ్బనంతో పొడిస్తే చాలు, కన్నాలన్నీ ఒకే వరసలో పడతాయి, కళ్ళు మూసుకున్నవాళ్ళు కూడా పొడవొచ్చు. "పని తొందరగా అవుతుందక్కా" అన్నాడు. మా పనిలో తొందర అనే మాట ఎవరైనా అన్నారా ఇన్నేళ్ళలో? ఎవరొచ్చినా చెయ్యగలిగేలా నా పనిని చెక్కలో చెక్కించాడు. చెయ్యి అక్కర్లేదు, పలక ఉంటే చాలు.

అన్నిటికంటే ఆ దీపం. నా బల్లకి ఎడమపక్కన ఉండేది, నాన్న చేత్తో పెట్టింది, కుడిచేత్తో కుట్టేవాళ్ళకి వెలుగు ఎడమ నుంచి రావాలి, లేకపోతే సొంత చెయ్యి నీడే కుట్టు మీద పడుతుంది, ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. దాన్ని ఊడబెరికి, కొత్తది, వెలుగు రెండింతలది, తెచ్చి కుడిపక్కన పెట్టించాడు. నాలుగు స్క్రూలు వేసి బిగించాడు వడ్రంగి, జరపడానికి వీల్లేకుండా. అప్పటి నుంచి నా చెయ్యి నీడలో నేను కుడుతున్నాను. పొమ్మనలేక పొగ పెట్టారంటారు, మా వాడు దీపం పెట్టాడు. కుట్టు వంకరపోవాలి, వంకరపోయిందని ఎవరో అనాలి, అప్పుడు చిన్నగా, ఇక నువ్వు విశ్రాంతి తీసుకో అక్కా అనాలి. ఇటు పెట్టావేమిట్రా అని అడగొచ్చు. అడిగితే, ఎందుకు, సరిగ్గా కనపడటం లేదా అంటాడు. అందుకే మూడు నెలలుగా నీడలో కుడుతున్నాను కానీ నోరు మెదపలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇదిగో, కన్ను తడుముకుంటున్నాను. కుడికన్ను. ఏడాది కిందట ఒక పొద్దున సూదిలో దారం ఎక్కిస్తుంటే సూది కన్నం మాయమైంది. పక్కన గోడ ఉంది, కిటికీ ఉంది, సూది మొన ఉంది, కన్నం ఉండాల్సిన చోట మాత్రం ఎవరో తడివేలితో అద్దినట్టు మసక. కుడికన్ను మూస్తే మళ్ళీ వచ్చింది. ఆ రోజూ దారం కొట్టుకనే చెప్పి వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికి. ఆయన గడ్డం ఇనప కమ్మీ మీద పెట్టమని, లోపలికి వెలుగు వేసి చాలాసేపు చూసి, చుట్టూ కనిపిస్తుందమ్మా, మధ్యలోదే కనిపించదు, ఇది పెరగకుండా చూసుకుందాం, రెండోది బాగానే ఉంది, అన్నాడు. ఏం పని చేస్తారు అన్నాడు. ఇంట్లోనే ఉంటానండీ అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నా పనిని నేనే కాదన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి రోడ్డు చూశాను, రెండోది మూసి రోడ్డు చూశాను. మనుషులు నడుస్తున్నారు, మధ్యలో ఒక మనిషికి మొహం లేదు. ఏడ్చాను. ఏడ్చాక దారం కొట్టుకి నిజంగానే వెళ్ళి రెండు ఉండలు కొనుక్కొచ్చాను, అబద్ధం అబద్ధంలా ఉండకూడదని.

అప్పటి నుంచి దారం ఎక్కించేటప్పుడు కుడికన్ను మూసేస్తాను. రెండు కళ్ళూ తెరిచి కుడితే సూది మొన కాగితానికి ఎంత దూరంలో ఉందో తెలియదు. ఆ వడ్రంగి రాకముందు చేసిన గడియారాల పుస్తకంలో మూడు ప్రతుల కుట్లు పక్కకి పోయాయి. తెలిసింది, వేలికి తెలిసింది. విప్పి మళ్ళీ కుట్టాను, మళ్ళీ పోయాయి. అలాగే పంపించేశాను. నా తప్పులకి నేను చిన్న చీటీ అచ్చువేసి ఆఖరి మడతలో దూర్చి అంటిస్తాను, అది నా పద్ధతి. ఆ మూడింట్లో చీటీ పెట్టలేదు. ఏమని పెట్టను? కుట్టు పక్కకి జరిగింది, కన్ను కనపడలేదు, తప్పు నాది, అనా? అచ్చువెయ్యాలంటే ముందు తమ్ముడి గదిలోకి వెళ్ళాలి, వాడి ముందు అక్షరాలు పేర్చాలి, వాడు సీసం చూసి చదివేస్తాడు. నాన్న నియమం పెట్టిన ఇంట్లో అబద్ధంతో మూడు పుస్తకాలు గడప దాటించాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది. ఆ ప్రతులు కాగితాలు చుట్టేముందు తమ్ముడు ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూశాడు, వెన్ను మీద వేలు నడిపాడు, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మొన్న మరదలు వంటింట్లో, నేను వరండాలో చెప్పులు విప్పుతున్నానని చూడక, "మీ అక్కకి ఎప్పుడు చెప్తారు?" అంది. వాడు, "ఈ పుస్తకం పోనీ" అన్నాడు. స్పష్టంగా విన్నాను. ఈ పుస్తకం పోయాక చెప్పేది ఏముంటుంది? నా బల్ల ఎత్తు పెరిగిన సంగతా? అప్పుడే లోపలికి వెళ్ళి, ఏమిట్రా నాకు చెప్పేది, అని ఉంటే ఇవాళ ఈ గంట ఉండేది కాదు. కాళ్ళు చప్పుడు చేస్తూ లోపలికి వెళ్ళాను. మరదలు నవ్వి, వదినా కాఫీ తాగుతావా అంది. తాగాను.

ఢక్కు ఆగింది. తలుపు తీసుకుని తమ్ముడు వచ్చాడు, మోచేతుల దాకా నల్లటి సిరా, చెవి మీద పెన్సిలు. "ఆరిందా?" అన్నాడు. గడియారం ఎదురుగా ఉంది, చూస్తే తెలుస్తుంది ఆరలేదని, యాభై ఏళ్ళు దగ్గరపడ్డ అచ్చువాడికి జిగురు ఆరే వేళ తెలియదా. వాడు ప్రెస్సు వైపు చూడలేదు. నా వైపు చూస్తున్నాడు, నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క.

"ఇంకా పావుగంటుంది," అన్నాను.

"కుట్టేటప్పుడు... ఏమైనా ఇబ్బంది అయిందా?"

"నాకేం ఇబ్బంది? నువ్వు పెట్టిన దీపం ఉందిగా," అన్నాను.

వాడి మొహం వెలిగింది. నిజంగా వెలిగింది, నేను దెప్పితే. "బాగుంది కదా?" అని, ఇంకేదో అనబోయి, తలుపు దగ్గరికి లాక్కుని వెళ్ళిపోయాడు. ఢక్కు, మళ్ళీ ఢక్కు. చూశారా, ఎంత ధైర్యం. నాన్న మమ్మల్ని సూదీ సీసమూ అని పిలిచేవాడు, సూది ఎక్కడుందో చూడు, సీసాన్ని అన్నానికి పిలువు, అని. సీసం మెత్తన, గోరుతో గీస్తే గీత పడుతుంది, కానీ బరువు. సూది పొడుస్తుంది కానీ పోతే దొరకదు. నన్ను ఈ బల్ల మీంచి తీసేస్తే నేను ఎక్కడ దొరుకుతాను? నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నదల్లా ఈ కుర్చీ, ఈ దబ్బనం, ఊరూరా అలమారాల్లో నిలబడ్డ నా కుట్లు. అవి నా పేరు చెప్పవు, కానీ నా చెయ్యి చెప్తాయి. ఆ చెయ్యి మీద వాడు తప్పు అని అచ్చుగుద్దాడు. పదకొండూ యాభై అయిదు. కొయ్యకూడదు, అది నియమం. ఇంకొకరి తప్పు రాయకూడదు, అదీ నియమమే. వాడు ఒకటి తప్పాక నాకు రెండోదేమిటి?

పన్నెండు కొట్టింది. చక్రం వెనక్కి తిప్పాను, పలక లేచింది, పుస్తకం నా చేతిలోకి వెచ్చగా కాదు, చల్లగా, గట్టిగా వచ్చింది. అట్ట తిన్నగా ఉంది. అంచు మీద నది ఎక్కడా తెగలేదు. వెన్ను మీద వేలు నడిపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదో మెట్టు దగ్గర దారం నువ్వుగింజంత పక్కకి జరిగింది. తెలుసు, కుట్టినప్పుడే తెలుసు, ఆ కోపంలో, ఆ నీడలో. పదిహేడో మడత తెరిచి, బల్ల మీద ఆనించి, సన్నచాకు మడత లోపలికి దూర్చాను. కానీ దీపం కుడిపక్క ఉంది, నా పిడికిలి నీడ సరిగ్గా చాకు మొన మీద పడింది, కన్ను మూసే లోపు చాకు మడత దాటి కాగితంలోకి పోయింది. నీలం గీత పక్కన గోరంత ముక్క లేచి బల్ల మీద పడింది. నది తెగింది. నలభయ్యో ప్రతిలో, పదిహేడో మడత దగ్గర, నా చేత్తోనే.

అప్పుడైనా ఆగాలి కదా. ఆగలేదు. కాగితం విప్పి, ఎడమకన్నుతో చదివాను. సిరా వెయ్యలేదు వాడు, ఉత్త నొక్కుడే, తెలుపు మీద తెలుపు, పక్కకి వంచితే కానీ కనపడదు. "ఈ ప్రతిలో కుట్టు వంకరపోయి ఉంటే కుట్టినవాళ్ళని అనకండి. తప్పు దీపం పెట్టినవాడిది."

రెండోసారి చదివాను. మూడోసారి వేలితో చదివాను. నాకు ముందు వచ్చింది కోపమే. ఇది అచ్చయి ఎన్నాళ్ళయింది? నేను కుట్టకముందే. ఒక్క కన్నం పొడవకముందే నేను వంకరగా కుడతానని వాడికి అంత నమ్మకమన్నమాట, తప్పు ఇంకా జరగలేదు, ఒప్పుకోలు మాత్రం ముందే మడత పెట్టి ఉంచాడు. ఆ తర్వాత మెల్లిగా రెండోది వచ్చింది. వాడికి తెలుసు. గడియారాల పుస్తకం వెన్ను మీద వేలు నడిపిన రోజు నుంచీ తెలుసు. మరదలు చెప్పమన్నదీ ఆ సంగతే. బల్ల ఎత్తింది నేను మెడ వంచి కళ్ళు పొడుచుకోకుండా. పలక చేయించింది ఎవరి కోసమో కాదు. ఇది ఆఖర్న కుట్టమంది, ముప్పై తొమ్మిది కుట్టాక కన్ను అలిసిపోతుందని. దీపం రెండింతల వెలుగుది. నన్ను తీసెయ్యడానికి అని నేను లెక్కగట్టిన ప్రతిదీ నన్ను ఇక్కడే కూర్చోబెట్టడానికి చేశాడు, కుదరని చోట తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. ఇంకొకరి తప్పు రాయకూడదన్నాడు నాన్న. ఇంకొకరి తప్పుని నాది అని రాసుకోవచ్చో లేదో ఆయన చెప్పలేదు, అలాంటిది మా ఇంట్లో జరుగుతుందని ఆయనకి తట్టి ఉండదు. వెధవ, అన్నాను పైకే. నోటితో ఒక్క ముక్క అంటే సరిపోయేది కదరా. అన్నాక ఆ మాట నాకూ తగిలింది. ఏడాదిగా నేను అన్నానా ఒక్క ముక్క?

పన్నెండూ పది. పక్కగదిలోకి వెళ్ళాను. తమ్ముడు ట్రెడిల్ తొక్కుతున్నాడు. దాని నోట్లో కాగితం లేదు, ఉత్తగా తొక్కుతున్నాడు, గంటసేపు ఉత్త యంత్రాన్ని తిప్పాడన్నమాట, చేతులు ఊరుకోక. నన్ను చూసి ఆపలేదు. నేను గోడ పక్కన నాన్న పద్నాలుగు పాయింట్ల అక్షరాల కేసు సొరుగు లాగి, అక్షరాలు పేర్చే స్టిక్కు ఎడమచేతిలో పట్టుకుని అక్షరాలు తియ్యడం మొదలుపెట్టాను. చూడక్కర్లేదు. ఏ గడిలో ఏది ఉంటుందో వేళ్ళకి తెలుసు, ఏ అక్షరానికి పొట్ట ఎటుందో తెలుసు, చిన్నప్పుడు నాన్న మా ఇద్దరి కళ్ళకీ గుడ్డ కట్టి పందెం పెట్టేవాడు, వాడికంటే నేనే ముందు. ఒక వరుస, రెండో వరుస, మూడో వరుస. ట్రెడిల్ నెమ్మదించింది. స్టిక్కు తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను. అద్దంలో ఉన్నట్టున్న సీసం, తిన్నగా చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ.

"నలభయ్యో ప్రతిలో ఇంకొకరి మడత కోసి నది తెంపాను. ఏడాదిగా ఒక కన్ను సరిగ్గా కనపడక కుట్లు వంకరపోతున్నాయి, చెప్పలేదు. తప్పు నాది."

చక్రం దానంతటది రెండు చుట్లు తిరిగి ఆగింది. వాడు మడత ఎందుకు కోశావని అడగలేదు. నది పోయిందని అనలేదు, వాడి నది, రెండేళ్ళు గీసుకున్న నది. స్టిక్కు జాగ్రత్తగా పక్కన పెట్టి, నా మొహంలోకి చూశాడు.

"ఏ కన్నక్కా?"

"కుడిది."

వాడు తన చెయ్యి ఎత్తి నా మొహానికి ఎదురుగా పెట్టాడు, అటు వేలు చూపించి, ఇటు చూపించి, మళ్ళీ తన మొహం మీద పెట్టుకుని చూసుకున్నాడు. సిరా మరక కణత మీద పడింది. చెవులు ఎర్రబడ్డాయి, పదేళ్ళవాడికి ఎర్రబడ్డట్టే.

"నేను ఎడమది అనుకున్నానే," అన్నాడు. "దారం ఎక్కించేటప్పుడు ఎదురుగా కూర్చుని చూశాను, ఒకటి మూస్తావు కదా. అందుకే బాగున్న కుడిదానికి వెలుగుండాలని దీపం ఇటు..." ఆగాడు. "తిరగేసుకోవడం మర్చిపోయాను."

మూడు నెలలు. మూడు నెలలు ఆ నీడలో. నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళలోంచి కూడా వచ్చింది, మంచి కంట్లోంచీ, చెడ్డ కంట్లోంచీ, తేడా లేకుండా. వాడు ఏం చెయ్యాలో తెలియక ట్రెడిల్ చక్రం పట్టుకుని నిలబడ్డాడు. బయట బండి హారన్ మోగింది, చెప్పిన వేళకంటే ముందే.

"నా చీటీ అచ్చువెయ్, అతికించి ఇస్తాను," అన్నాను. "వాళ్ళని అరగంట కూర్చోబెట్టు. నువ్వు రాసింది ఎలాగూ నిజమే, అది తియ్యక్కర్లేదు. ముందు స్క్రూడ్రైవరు ఎక్కడుందో చూడు."